పదును పెట్టకూడని కత్తులు

ఆ ఇంట్లో తొమ్మిది కత్తులున్నాయి, ఒక్కటీ తెగదు. తెగనివ్వరు మామగారు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో మనిషి బంగారం. పెట్టింది తింటారు, చెప్పింది వింటారు, టీవీ రిమోట్ అడక్కుండానే ఇచ్చేస్తారు. కత్తి జోలికి మాత్రం వెళ్ళకూడదు. వెళ్తే కథ చెప్తారు.

కోడలికి ఈ సంగతి కాపురానికొచ్చిన మూడో రోజే తెలిసొచ్చింది. టమాటా తరుగుదామని చెక్కపిడి కత్తి తీసింది. టమాటా నలిగింది, జారింది, ఆఖరికి చిట్లి కొత్త చీర మీద పడింది. అన్నీ అయ్యాయి గానీ తెగడం మాత్రం తెగలేదు.

"దీన్ని సాన పట్టిద్దామా మామయ్యగారూ?" అంది.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన పేపరు మడిచారంటే అరగంట పోయినట్టేనని ఆ అమ్మాయికి అప్పటికింకా తెలీదు పాపం.

"ఆ పదును మా నాన్న పెట్టిందమ్మా. సాన పడితే ఇనుము రజనై రాలిపోతుంది కదా. దాంతోపాటు ఆయన చేతి పని కూడా పోతుంది."

"కానీ ఇప్పుడు దానికి పదును లేదు కదండీ."

"ఉండేది," అన్నారు మామగారు భక్తిగా.

ఇలా ఒక్కో కత్తికీ ఒక్కో కథ. సన్నకత్తి ఆయన మొదటి జీతంతో కొన్నది. పిడి విరిగినది ప్రాణస్నేహితుడు ఊరు వదిలి వెళ్తూ చేతిలో పెట్టినది. పళ్ళ చాకు హెడ్మాస్టరుగారు బహుమతిగా ఇచ్చినది. రెండు నెలలు తిరిగేసరికి అదే చాకు బ్యాంకు మేనేజరుగారు ఇచ్చినదైంది.

"అప్పుడు హెడ్మాస్టరుగారన్నారు కదండీ?"

"ఆయనే తర్వాత మేనేజరయ్యారమ్మా," అన్నారు మామగారు, రెప్ప కూడా కొట్టకుండా.

కోడలికి మింగుడుపడనిది ఇంకోటుంది. మామగారు నలభై ఏళ్ళు పుస్తకాలు బైండింగ్ చేసిన మనిషి. మూడొందల పేజీల పుస్తకం అంచుని ఒక్క లాగులో కోస్తే, వేలితో తడిమినా ఎగుడుదిగుడు తెలిసేది కాదట. అంతటి పనితనం ఉన్నాయన ఇంట్లో అరటిపండు కొయ్యాలన్నా బతిమాలుకోవాలి. గుమ్మడికాయైతే కొట్టువాడి చేతే ముక్కలు కొట్టించి తెచ్చేవారు. అదేమంటే, కాయగా మొయ్యలేనమ్మా అనేవారు. ముక్కలైతే బరువు తగ్గుతుందా అన్న ప్రశ్న కోడలి నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

అత్తగారికి మాత్రం ఈ కత్తులతో ఏ పేచీ లేదు. వంటింటి బల్ల ముందు కూర్చుని, ఒక్కో బీన్స్ కాయనీ వేళ్ళతో తడిమి తడిమి, రంపంతో కోసినట్టు తాపీగా తరిగేది. "ఈ ఇంట్లో కత్తులకి కథలెక్కువ, కోత తక్కువ" అని నవ్వేసేది. ఆవిడ నవ్వు ఆగిపోయేది ఒక్క మాటకే. అది కొడుకు నోటి నుంచి వారానికోసారైనా వచ్చేది.

"అమ్మా, రెండేళ్ళ కింద వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఇంకొక్కసారి తెగిందా, మర్నాడే వంటమనిషి వస్తుంది."

"గరిటె లాక్కుంటే నేనీ ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినట్టేరా," అనేది ఆవిడ.

ఒకరోజు మామగారు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే సానపట్టేవాడు సైకిలు తొక్కుకుంటూ వీధిలోకొచ్చాడు. ఇంతకన్నా మంచి అదను దొరకదనుకుంది కోడలు. తొమ్మిదీ తట్టలో వేసుకుని పరిగెత్తింది. తిరిగొచ్చి ఒక ఉల్లిపాయ తరిగింది. అది ఎంత సన్నగా తెగిందంటే, ఆనందం పట్టలేక ఇంకో నాలుగు అనవసరంగా తరిగేసింది.

మామగారు వచ్చారు. బల్ల మీది సన్నటి ఉల్లిపాయ ముక్కలు చూసి సొరుగు తెరిచి, కత్తి మీద బొటనవేలు ఆనించి చూశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీ అత్తయ్య వీటిని ముట్టుకుందా?"

"లేదండీ, పడుకున్నారు."

కత్తులన్నీ తువాల్లో చుట్టుకుని పెరట్లోకి నడిచారు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండు అనిపించింది కోడలికి. పెద్దాయన జ్ఞాపకాలన్నీ పాతిక నిమిషాల్లో అరగదీసేశానే అని కుమిలిపోతూ వెనకాలే వెళ్ళింది.

చూస్తే ఏముంది, మామగారు బట్టలుతికే బండ ముందు గొంతుక్కూర్చుని, తండ్రి కత్తిని అంచు కిందికి పెట్టి బరబరా రుద్దేస్తున్నారు.

"మామయ్యగారూ, అది మీ నాన్నగారి కత్తి!"

"మా నాన్నకి కత్తెక్కడిదమ్మా? పోస్టాఫీసులో గుమాస్తా ఆయన. దీన్ని బస్టాండు దగ్గర కొన్నాను," అన్నారు, రుద్దడం ఆపకుండా.

తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. "మీ అత్తయ్యకి చూపు సరిగ్గా నడిమధ్య మసక. పక్కనున్నవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఇంక చేసేదేం లేదన్నారు డాక్టరుగారు. అబ్బాయికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కుట్లు పడ్డప్పుడు వాడు వారం రోజులు తనని వంటింట్లోకి రానివ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుగదిలో కూర్చునేది. ఖాళీగా ఉన్న ఆ చేతుల్ని నేను చూడలేకపోయానమ్మా."

"మరి ఈ కథలన్నీ ఎందుకండీ?"

"కత్తి మొద్దుబారిందంటే ఎవరైనా సాన పట్టిస్తారు. జ్ఞాపకం అంటే ఎవరూ ముట్టుకోరు."

కోడలు కళ్ళు తుడుచుకుని, పక్కనే కూర్చుని పళ్ళ చాకు అందుకుంది.

"అలా కాదు, నిలబెట్టి రుద్దాలి," అన్నారు మామగారు పనివాడి గొంతుతో. "మేనేజరుగారిచ్చింది, జాగ్రత్త."

ఆ ఆదివారమే ముంచుకొచ్చింది అసలు గండం. కొడుకు మెరిసిపోతున్న కొత్త కత్తి పట్టుకొచ్చాడు. "కాగితం గాల్లో పట్టుకున్నా తెగుతుందట. ఇదిగో అమ్మా," అని చెయ్యి చాచాడు. మామగారు పేపరు మడవబోయి ఆగిపోయారు. అప్పుడే కొన్న కత్తికి కథెక్కణ్ణుంచి తెస్తారు మరి!

కోడలు చటుక్కున అందుకుంది. "ఇది నాది. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

"కూరగాయల కత్తే కదా?"

"పెళ్ళయ్యాక నేనడక్కుండా మీరు కొన్న మొదటి వస్తువు ఇదే."

నిజమే మరి.

రెండు రోజులు గడిచాయి. అతను టమాటా కోద్దామని ఆ కత్తి తీశాడు. టమాటా నలిగింది, జారింది, ఇస్త్రీ చొక్కా మీద చిట్లింది. "అప్పుడే మొద్దుబారిందేంటి? సాన పట్టిద్దామా?" అన్నాడు.

కోడలు చేతిలో ఫోను పక్కన పెట్టింది. "ఆ పదును మీరు తెచ్చిందండీ..." అని మొదలుపెట్టింది.

"నీకూ పట్టిందీ జబ్బు," అంది అత్తగారు నవ్వుతూ, బీన్స్ కాయ అంచు వేళ్ళతో వెతుక్కుంటూ.

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టి, శ్రద్ధగా వినడానికి కూర్చున్నారు.