పచ్చ దీపం పేజీ

మునిరత్నం అన్న వాట్సాప్‌లో పంపిన ఫోటోను పెద్దది చేసి చూసినప్పుడే నాకు మొదట భయం వేసింది. తిరుత్తణిలో నూలుకు రంగు వేసే మిల్లులో ఆయన సూపర్‌వైజర్. మేము పంపిన పేజీని ప్రింటు తీసి రంగు యంత్రం పక్క గోడకు అంటించి, "బాగుండాదా పాపా?" అని అడిగాడు. పేజీ మధ్యలో పచ్చటి గడిలో యంత్రం మూత గురించి ఒక వాక్యం ఉంది: పచ్చ దీపం మినుకుతుంటే మూత తీయవచ్చు. ఆ వాక్యం ఇప్పుడు చెల్లదు.

అప్పటికి తిరువళ్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు రెండో ఏడు నడుస్తోంది. హోదా డాక్యుమెంటేషన్ ఇంజనీరు. ఆ హోదాలో నేనొక్కదాన్నే. రంగు యంత్రాలను నడిపే ప్రోగ్రామ్ సెల్వం రాసేవాడు. దాన్ని వివరించే పేజీలు తయారుచేయడం నా పని. వాటిని చేత్తో రాయనక్కర్లేదు. ఏ భాగం ఏం చేస్తుందో కోడ్ మధ్యలోనే మామూలు మాటల్లో వ్యాఖ్యలు రాసిపెడతారు. నేను వాడిన పనిముట్టు ఫైళ్లన్నీ చదివి, ఆ వ్యాఖ్యలను ఏరి, శీర్షికలు, గడులు, రంగులు తొడిగి వెబ్ పేజీలు చేస్తుంది. ఆపరేటర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివేది తమిళం కనుక, వాళ్ల కోసం రాసే వ్యాఖ్యలు తమిళంలో ఉండేవి.

ఒక్క కమాండ్ కొడితే నల్లటి తెర మీది కోడ్ తెల్లటి పేజీలుగా మారేది. ఇల్లు, పిల్లలు తప్ప వేరే పని లేని ఈ రోజుల్లో కూడా ఆ క్షణం గుర్తొస్తుంది. ఏ గడికి ఏ రంగో నేనే ఎంచుకున్నాను. సెల్వం వెక్కిరించేవాడు: "పేజీకి పెళ్లికూతురు అలంకారం చేసినావు అక్కా. ఇంక మాప్పిళ్ళై ఒకడే తక్కువ." మాప్పిళ్ళై అంటే తమిళంలో పెళ్లికొడుకు.

పనిముట్టుకు ఒక నియమం ఉంది. రెండు నక్షత్రాల గుర్తుతో మొదలయ్యే వ్యాఖ్యనే ఏరుకుంటుంది. రెండు గీతలతో మొదలైనది మనలో మనకు రాసుకున్నదని వదిలేస్తుంది. సెల్వం దీపం పద్ధతి మార్చాడు: మినుకుతుంటే లోపల ఆవిరి ఉన్నట్టు, నిలకడగా వెలిగితేనే మూత తీయాలి. కానీ పాత వ్యాఖ్య మా ఓనరు రాసినది. పెద్దలు రాసింది కొట్టేయకుండా కింద కలపడం మా ఆఫీసు మర్యాద. సెల్వం కొత్త మాటను దాని కింద రెండు గీతలు పెట్టి రాశాడు. పనిముట్టు పాతదానికి రంగులు వేసి, కొత్తదాన్ని దాటిపోయింది. మార్చిన ప్రోగ్రామ్ ఆ ఉదయమే మిల్లులో ఎక్కింది. పాత యంత్రం కాబట్టి మూతకు తనంతట పడే తాళం లేదు, లోపల ఆవిరి ఉన్నా తెరుచుకుంటుంది.

మునిరత్నం అన్నకు ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, మూత దగ్గరే ఉన్నానని, దీపం మినుకుతోందని చెప్పాడు.

"ముట్టుకోవద్దన్నా. దీపం నిలకడగా వెలిగేదాకా మూత ముట్టుకోవద్దు."

"కాగితంలో తియ్యొచ్చని ఉండాదే. మీరే కదా ఇచ్చినారు?"

"కాగితం తప్పన్నా."

"ఇంత అందంగా వేసినారే, తప్పెట్లయితాది?"

వాదించకుండా దూరం జరగమని బతిమాలాను. ఫోన్ పెట్టేయనివ్వలేదు. అవతల యంత్రం హోరు, మధ్యలో ఆయన దగ్గు వినిపిస్తున్నాయి. సెల్వం నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. చివరికి "దీపం నిలిచింది పాపా" అన్నాడు మునిరత్నం అన్న.

ఓనరు తన వ్యాఖ్యను తానే కొట్టేశాడు. సెల్వం కొత్తదానికి నక్షత్రాలు పెట్టాడు. పేజీని మళ్లీ తీసి, ప్రతి వాక్యం కోడ్‌తో సరిచూసి, కడంబత్తూరు మీదుగా తిరుత్తణి వెళ్లే రైలెక్కాను. మునిరత్నం అన్న పాత కాగితం ఇవ్వడానికి కాసేపు ఒప్పుకోలేదు, రంగులు బాగున్నాయట.

పనిముట్టు వ్యాఖ్యను తీర్చిదిద్దుతుందే తప్ప అది నిజమో కాదో చూడదు. పేజీ ఎంత అందంగా వస్తే, చదివేవాడు అంత తక్కువ అనుమానిస్తాడు. కాబట్టి అనుమానించడం తయారుచేసేవాళ్ల పని.

మర్నాడు పొద్దున, రాత్రి ఆలస్యంగా ఎందుకొచ్చావని పిల్లలిద్దరూ నిలదీశారు. తిరుత్తణిలో ఒక మామ గోడ మీది కాగితం చించి, ఇంకొకటి అంటించి వచ్చానని చెప్పాను.