మర్నాటి వంట

మా వదిన ఒక చోట కుదురుగా కూర్చోగా నేను చూసింది లేదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు పక్కకి పెట్టుకునే కూర్చుంటుంది, ఎవరైనా పిలిస్తే లేచి పరిగెత్తడానికి. ఆవిడ పక్కన పది నిమిషాలుంటే నాకూ ఎక్కడో ఏదో మాడిపోతున్నట్టు ఉంటుంది. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే వంటగదిలో పని చేస్తూ పన్నెండేళ్లు నెట్టుకొచ్చానంటే నా ఓపిక ఎంతటిదో మీరే చూసుకోండి. నాకు ఓపిక లేదని మా అన్నయ్య అంటాడు. ఆయన బస్సు డ్రైవరు. ఎర్ర లైటు దగ్గర ఆగడమే ఆయనకి తెలిసిన ఓపిక.

మేం పని చేసేది నర్సుల హాస్టల్లో. రోడ్డుకి ఇవతల హాస్టలు, అవతల ఆసుపత్రి. వంట వదినది. సరుకుల గది, ఫ్రిజ్‌లు, తాళాలు నావి. నర్సులు ఆవిణ్ణి మర్నాడక్క అంటారు. ముందు వేళాకోళానికి పెట్టిన పేరే, తరవాత అదే స్థిరపడిపోయింది.

పద్దెనిమిదేళ్ల కిందట ఆవిడ అక్కడ గిన్నెలు తోమడానికి చేరింది. ఏటా పెద్ద సెలవు రోజున హాస్టల్లో విందు ఉంటుంది. సగం మంది ఊళ్లకి వెళ్లిపోతారు, మిగిలిన సగం మంది కోసం అందరికీ సరిపడా వండిస్తారు. ఆ ఏడు విందు మర్నాడు వంటాయన రాలేదు. మిగిలిందంతా పారబొయ్యమని వదినకి చెప్పారు. ఆవిడకి చేతులు రాలేదు. ఉడికిన బంగాళాదుంపలు మెదిపి, ఎండిపోయిన బ్రెడ్డు పొడిలో దొర్లించి పెనం మీద కాల్చింది. కోడి ఎముకలు బఠాణీలతో మరిగించి సూపు చేసింది. చల్లారిన అన్నాన్ని గుడ్లు కొట్టి వేయించింది. విరిగిన బ్రెడ్డు ముక్కలు పాలలో నానబెట్టి, పైన నలిగిపోయిన పళ్ల ముక్కలు పరిచి ఓవెన్లో పెట్టింది. నర్సులు రెండోసారి వడ్డించుకున్నారు, మూడోసారి గిన్నె గీకారు. ఆ తరవాత వంటాయన వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే అయింది.

ఇప్పుడు విందుకి డుమ్మా కొట్టినవాళ్లు కూడా మర్నాటి భోజనానికి దిగిపోతారు. ఊరెళ్లిన పిల్లలు ఇంట్లో ఏదో సాకు చెప్పి ఒక రోజు ముందే బయల్దేరి వస్తారు. అంత కష్టపడి చేసిన విందు వంటని ఎవరూ తలుచుకోరు. నాకైతే ఒళ్లు మండేది. తాజా కోడిని వదిలేసి దాని ఎముకల కోసం ఎగబడేవాళ్లని ఏమనాలి?

వదిన గొప్పతనమంతా ముక్కులో ఉండేది. మిగిలిన వంటతో వంట చెయ్యడం అంటే చెయ్యి తిరిగితే సరిపోదు. ఏది ఇంకా బతికుందో, ఏది పోయిందో తెలియాలి. ఆవిడ మూత ఒక వేలెడు ఎత్తి, "ఇది సాయంత్రం దాకా ఉంటుంది, ఇది ఇప్పుడే వాడెయ్యాలి, ఇది తీసెయ్" అనేది. తప్పిందన్న మాట లేదు. నిజానికి ప్రతి గిన్నె మీదా తేదీ, గంట రాసిన చీటీ అంటించడం నా పని. మూడేళ్ల కిందట చీటీలు అయిపోయాయి. నేను మళ్లీ తెప్పించలేదు. సూపరింటెండెంటు మేడమ్ ఒకసారి అడిగితే, "మా వదిన ముక్కుండగా చీటీలెందుకు మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వేసి వెళ్లిపోయారు. ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈ ఏడు విందుకి రెండు నెలల ముందు వదినకి జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆ జ్వరం ఆవిడ వాసన పట్టుకుపోయింది. ఉల్లిపాయా తెలీదు, కిరసనాయిలూ తెలీదు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే వంటగదిలోంచి పంపించేస్తారని భయం. వంటగది లేకపోతే ఆవిడకి ఇంకేముంది? పిల్లలు లేరు, ఊసుపోకకి పక్కింటికి వెళ్లే అలవాటు లేదు, ఉన్న ఒక్క మొగుడూ ఇంటికి రాగానే నిద్రపోతాడు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆవిడ కాలు కాలిన పిల్లిలా వంటగదంతా తిరగడం ఒక్కటే కనపడింది. మూత తీసేది, పెట్టేది, మళ్లీ తీసేది. ఎన్నడూ ఎవరి సలహా అడగని మనిషి, "ఏమే, ఉల్లిపాయ వేగిందంటావా?" అని నన్నడిగేది. "కళ్లెదురుగానే ఉందిగా" అని విసుక్కునేదాన్ని. ఒకరోజు ఇంట్లో పాలు అడుగంటి గదంతా మాడు కంపు కొడుతోంది. ఈవిడ స్టవ్‌కి వీపు పెట్టి బట్టలు మడతపెడుతోంది. అన్నయ్య నిద్రలోంచి లేచొచ్చి అరిస్తే గానీ తెలుసుకోలేదు. "ఏ లోకంలో ఉన్నావు వదినా" అని నేను నవ్వాను. నాకు ముక్కూ ఉంది, కళ్లూ ఉన్నాయి, బుద్ధే పని చెయ్యలేదు.

విందు బాగానే జరిగింది. భోజనాల గదిలో పాటలు పెట్టుకుని చిందులేశారు. మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి వదిన ముందే వచ్చేసి ఉంది, గిన్నెలన్నీ వరసగా పెట్టి వాటి ముందు అటూ ఇటూ నడుస్తోంది. రెండో ఫ్రిజ్ కింద నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. ఎవరో ఒలకబోశారని తిట్టుకుంటూ తుడిచాను. కిటికీలోంచి ఒక నల్ల వైరు వేలాడుతోంది. దాన్నీ తిట్టుకుంటూ చుట్టి పక్కన పడేశాను. తిట్టడంలో ఉన్న శ్రద్ధ ఆలోచించడంలో లేదు.

ఆ ఫ్రిజ్‌లోంచి మాంసం గ్రేవీ గిన్నె తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ మూత ఎత్తింది. నా వంక చూసింది. నేను గోడ గడియారం చూస్తున్నాను.

"బాగుంది" అంది.

గ్రేవీలో మాంసం ముక్కలు కలిపి పెద్ద ట్రేలో పరిచింది, పైన మెదిపిన బంగాళాదుంప దట్టంగా కప్పి ఓవెన్లో పెట్టింది. ముందుగా కాల్చిన చిన్న ట్రే ఒక డబ్బాలో సర్ది పన్నెండింటికల్లా ఆసుపత్రికి పంపింది. పిల్లల వార్డులో డ్యూటీలో ఉన్న నలుగురు భోజనానికి రాలేరు, వాళ్లకి మొదటి వాటా పంపడం ఆవిడ పద్ధతి. ఆయా వచ్చి పట్టుకెళ్లింది.

పెద్ద ట్రే ఓవెన్లోంచి బయటికి వచ్చేసరికి పన్నెండున్నర. కంచాలు తెస్తూ దాని పక్కనుంచి వెళ్లాను. కాలిన బంగాళాదుంప కమ్మదనం కింద ఏదో పులిసిన వాసన. ఆగాను. మళ్లీ పీల్చాను. ఉంది. వరండాలోకి వెళ్లి గాలి పీల్చి మళ్లీ వచ్చి చూశాను. ఉంది. అప్పుడు కూడా నేనేమనుకున్నానో చెబితే సిగ్గుచేటు. వదిన బాగుందన్నాక ఇక బాగున్నట్టే, నా ముక్కుకే ఏదో పట్టింది అనుకున్నాను.

కానీ కాలు నిలవలేదు. బల్లలు తుడుస్తున్న నర్సమ్మాయిని, "నిన్న పాటల పెట్టెకి కరెంటు ఎక్కణ్ణుంచి తీశారు?" అని అడిగాను.

"వంటగదిలోంచే అక్కా. కిటికీలోంచి వైరేసి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి పెట్టాం. రాత్రి మళ్లీ ఫ్రిజ్‌ది పెట్టేశాంలే."

"తీసింది ఎప్పుడు?"

"మీరు ఇళ్లకి వెళ్లగానే. మూడింటికేమో."

వంటగదిలోకి వచ్చి, "వదినా, ఆ ట్రే వాసన ఒకసారి చూడు" అన్నాను.

"చూశాగా."

"మళ్లీ చూడు."

ఆవిడ వంగింది. గట్టిగా పీల్చింది. ఆ పీల్చేటప్పుడు ఆవిడ ట్రే వంక చూడటం లేదు, నా మొహం వంక చూస్తోంది. పరీక్షలో పక్కవాళ్ల కాగితం వంక చూసినట్టు చూస్తోంది. రెండు నెలలుగా ఆవిడ వంట చేస్తున్నది మా మొహాలు చూసి అని నాకు అప్పుడు అర్థమైంది.

"నీకు తెలీడం లేదు కదూ" అన్నాను.

"పాడైందా?" అంది. అంతే అడిగింది.

"పాడైంది."

"డబ్బా వెళ్లిపోయిందే" అంటూనే ఆవిడ గుమ్మం దాటేసింది.

ఏప్రన్‌తోనే రోడ్డు మీదికి పరిగెత్తింది. బస్సు ఒకటి కీచుమని ఆగింది, మా అన్నయ్యది కాదు గనక సరిపోయింది. వెనకాల నేను, ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. ఆసుపత్రి మెట్లు, పొడుగాటి వరండా, మళ్లీ మెట్లు. పిల్లల వార్డు పక్కన నర్సులు భోజనం చేసే చిన్న గది. ముగ్గురు ఇంకా చేతులు కడుక్కుంటున్నారు. అందరిలోకీ చిన్నది, బక్కపల్చటి పిల్ల, డబ్బా ముందు పెట్టుకుని చెంచా నోట్లో పెట్టుకుని ఉంది.

వదిన ఆ చెంచా లాగేసుకుంది. ఆయాసపడుతూనే అందరికీ వినపడేలా చెప్పింది. "తినకండమ్మా. ఇది పాడైంది. నాకు రెండు నెలలుగా వాసన తెలీడం లేదు. నేను చెప్పలేదు."

డబ్బా మూత పెట్టేసింది.

"ఎంత తిన్నావు?" అని ఆ పిల్లని అడిగింది.

"రెండు మూడు చెంచాలు."

"పుల్లగా అనిపించలేదా తల్లీ?"

"అనిపించింది అక్కా" అంది ఆ పిల్ల. "మీరు చేశారు కదా. ఇది ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను."

వదిన ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది. ఆ పిల్ల తిట్టి ఉంటే తట్టుకునేది. నేను పక్కనే నిలబడి, పావుగంట కిందట నేనూ అచ్చం అలాగే అనుకున్నానని చెప్పలేకపోయాను.

"నువ్వెళ్లి అంతా పారబొయ్యి" అని నాతో అంది. "సూపు కూడా. ఏదీ ఉంచకు. మేడమ్‌కి నేను చెప్పుకుంటాను."

అరవై మందికి గుడ్లు ఉడకబెట్టి బ్రెడ్డు పెట్టాను. మర్నాటి భోజనం కోసం ఊళ్ల నుంచి ముందే వచ్చిన పిల్లలు అవే తిని లేచారు. మూడింటికి ఆసుపత్రికి వెళితే, ఆ బక్కపల్చటి పిల్లకి రెండుసార్లు వాంతి అయిందని, ఇక భయం లేదని డాక్టరుగారు చెప్పారు. వదిన ఆ మంచం చుట్టూ తిరుగుతోంది. దిండు సర్దుతుంది, కిటికీ తెరుస్తుంది, వెంటనే మూస్తుంది, నీళ్లు పడుతుంది. ఆ పిల్లే చివరికి, "అక్కా, మీరు కూర్చుంటే నాకు నిద్రపడుతుంది" అంది.

సూపరింటెండెంటు మేడమ్ అక్కడికే వచ్చారు. వదిన ఒక్క ముక్కా దాచకుండా చెప్పింది. ఫ్రిజ్ ప్లగ్గు సంగతి నేను అప్పటికే చెప్పినా, ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తాను, చీటీలు తెప్పించలేదని కూడా చెప్పాను. మేడమ్ నన్ను ఒక చూపు చూశారు గానీ నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. వదినతో మాత్రం, "వాసన తిరిగొచ్చేదాకా వంటగదిలోకి రావద్దు" అన్నారు. "వస్తుందా?" అని వదిన డాక్టరుగారిని అడిగింది. రావచ్చనీ రాకపోవచ్చనీ ఆయన అన్నారు. ఆయన్ని తన్నాలనిపించింది నాకు.

పొద్దు వాలుతుండగా ఇంటికి బయల్దేరాం. బస్సెక్కుదామంటే వద్దంది. నేను ఒక కాలికే చెప్పుతో కుంటుతూ నడుస్తున్నాను. దారిలో బ్రెడ్డు కాల్చే కొట్టు ఉంది. తలుపు బార్లా తెరిచి సాయంత్రం బ్రెడ్డు బయటికి తీస్తున్నారు. వదిన దాని ముందు ఆగింది.

"బ్రెడ్డేనా?"

"బ్రెడ్డే."

"ఎలా ఉంది వాసన?"

పన్నెండేళ్లుగా ఆవిడ మీద నేను అనని మాట లేదు. నా నోటికి భయపడి సరుకుల బండివాళ్లు కూడా టైముకి వస్తారు. అలాంటి దాన్ని నోరు తెరిస్తే ఒక్క మాట రాలేదు. కొట్టులోంచి వచ్చే సెగ ఇద్దరి మొహాలకీ తగులుతోంది.

"వెచ్చగా ఉంది వదినా" అన్నాను.

"వెచ్చన నాకూ తెలుస్తోందే" అంది. "వాసన చెప్పు."