చిన్నబాపు సగం ముఖం

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక మనిషి ముఖాన్ని నేను సగానికి సగం పడగొట్టిన కథ. సగం అంటే కొలిచినట్టు సగమే, ముక్కు మధ్యలోంచి గీత గీసినట్టు. ఎడమవైపు మా చిన్నబాపు, కుడివైపు ఎండకు కరిగిన మైనం బొమ్మ. ఇప్పటికీ కుర్చీలో ఎవరైనా కూర్చుని నోరు తెరవగానే ముందు నాకు నీరసం వస్తుంది. ఆ నీరసం వయసు సరిగ్గా ఆ రోజు నుంచే లెక్క.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక దంత వైద్య కళాశాలలో హౌస్ సర్జన్‌ని. చేతి పనితనం సంగతి అడక్కండి, జాబితాలు మాత్రం నా ప్రాణం. తల, మెడల అనాటమీ మొత్తానికి అంకెలు వేసి హాస్టల్ గోడకు అంటించుకున్నవాణ్ని. ముఖాన్ని కదిలించే నరానికి కొమ్మలెన్ని అని నిద్రలో లేపి అడిగినా ఐదూ వరసగా చెప్పేవాణ్ని. కింది దవడకు మత్తు సూది వేసే పద్ధతికి నా దగ్గర తొమ్మిది మెట్ల జాబితా ఉండేది. ఆరో మెట్టు ఎర్ర సిరాతో రాసుకున్నాను: సూది మొన ఎముకకు తగలాలి, తగలకపోతే మందు వదలకూడదు. పరీక్షలో ఈ ప్రశ్నే వచ్చింది. పూర్తి మార్కులు. ఆ మార్కులే కొంప ముంచాయి.

మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, దోహాలో క్రేన్ నడిపేవాడు. కంపెనీ మూతపడి ఎనిమిది నెలలుగా మెట్‌పల్లి దగ్గర ఊళ్లో ఖాళీగా ఉన్నాడు. ఆ రోజు పన్నెండు గంటలకు దోహాలోని కొత్త కంపెనీవాళ్లు ఫోన్‌లో వీడియో ఇంటర్వ్యూ పెట్టారు. ఇది పోతే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. సరిగ్గా అంతకు ముందు రాత్రే కుడివైపు కింది పన్ను నొప్పి మొదలైంది. పొద్దున పదింటికల్లా చెంప పట్టుకుని మా కాలేజీకి వచ్చేశాడు.

“మెట్‌పల్లిలనే పీకిచ్చుకుంటనంటే మీ చిన్నవ్వ ఒప్పుకోలే. ఇంట్ల డాక్టరుండంగ బయటోళ్ల దగ్గరికెందుకన్నది. ఇంటర్వ్యూ ఉంది బిడ్డా, మాట సక్కగ రావాలె. అయితదా?”

“పావుగంట పని చిన్నబాపూ. ఫికర్ చెయ్యకు. పన్నెండింటికి రేడియోల వార్తలు చదివినట్టు మాట్లాడుతవ్.”

ఇక్కడ ఒక మాట. సూది సరిగ్గా పడినా పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారుతుంది, మాట ముద్దగా వస్తుంది. అది నా జాబితాలో తొమ్మిదో మెట్టు. నేనప్పటికి మొదటి మెట్టు మీదే ఉన్నాను కాబట్టి గుర్తు రాలేదు.

పక్క కుర్చీలో ఎవరికో కుట్లు వేస్తున్న మా మేడం తల ఎత్తకుండానే, “చేతనైతదా? నేను రావాల్నా?” అని అడిగింది.

“చేస్త మేడం.”

చిన్నబాపుకు నా చదువు తెలియాలి కదా, ఒక్కో మెట్టూ పైకి చదవడం మొదలుపెట్టాను. “ఒకటి, నోరు పూర్తిగా తెరిపించాలి. రెండు, బొటనవేలితో దవడ అంచు పట్టుకోవాలి...”

“ఏందిరా, మంత్రాలు సదువుతున్నవా?” అన్నాడు ఆయన, నా వేలు నోట్లో ఉండగానే.

సూది లోపలికి పోయింది. ఇంకా పోయింది. ఎముక తగల్లేదు. కానీ అప్పటికే నా నోరు “ఆరు, ఎముక తగలాలి” అనేసింది. అనేశాను కాబట్టి ఆ పని అయిపోయినట్టే అనిపించింది. ఏడు, రక్తం రావడం లేదని చూశాను. ఎనిమిది, మందు నెమ్మదిగా వదలాలి. ఎంతో నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా, వదలకూడని చోట మొత్తం వదిలాను.

ఐదు నిమిషాలాగి పన్ను మీద తట్టాను.

“అవ్వా! సచ్చిన్రా!”

“మొద్దుబారలేదా?”

“పన్ను గట్లనే గుంజుతుంది. గీ కన్నే మూసుకుంటలేదు. గిట్లనే ఐతదా, డాక్టర్ సాబ్?”

చూశాను. కుడి కన్ను సంతలో చేప కన్నులా తెరుచుకుని ఉంది. నుదుటి ముడతలు ఎడమవైపే ఉన్నాయి, కుడివైపు ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. నవ్వమన్నాను. నోరు మొత్తం ఎడమ చెవి వైపు ప్రయాణం కట్టింది. గోడ మీద చదువుకున్న ఐదు కొమ్మలూ ఒకేసారి పడుకున్నాయి.

మేడం వచ్చి ఒక్క చూపు చూసింది. “ఎముక తగిలిందా?”

“అన్నాను మేడం.”

“అన్నవా? ఎవరితోని?”

“పైకి అన్నాను మేడం. తగలాలి అని.”

మేడం రెండు కళ్లూ మూసుకుని నిట్టూర్చింది. చిన్నబాపు ఆ కళ్ల వైపు అసూయగా చూశాడు.

“భయపడకు అన్నా,” అంది ఆయనతో. “సూది మరీ వెనక్కు పోయి చెవి ముందరి లాలాజల గ్రంథిలో దిగింది. మొహాన్ని కదిలించే నరం దాంట్లకెల్లే పోతది. మందు దిగితే అదే మామూలైతది, మూడు నాలుగు గంటలు. పన్ను ఇయ్యాల ముట్టుకోవద్దు.” కన్ను ఎండిపోకుండా రెప్ప మూసి, దూది పెట్టి, టేపు అంటించింది.

“పన్నెండింటికి ఇంటర్వ్యూ ఉంది మేడం,” అన్నాను.

“ఏం పనికి?”

“క్రేన్ నడుపుడు.”

మేడం టేపు వైపు చూసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

పన్నెండుకు క్యాంటీన్‌లో కూర్చున్నాం. “ఫోన్ గిటు పక్కకు పట్టు,” అన్నాడు చిన్నబాపు. “ఎడమ మొకమే చూపెడుత. గీ దిక్కు గిట్లయిందని గాయనకేమెరుక?”

తెర మీద ఒక అధికారి ప్రత్యక్షమయ్యాడు. అంతా హిందీలో నడిచింది, మీకు తెలుగులో చెబుతాను.

“నేరుగా కూర్చో. పక్కకెందుకు తిరిగావ్?”

“మెడ పట్టింది సార్.”

“మెడ పట్టినవాడివి పైకి చూస్తూ క్రేన్ ఎలా నడుపుతావ్?”

చిన్నబాపు తిరగక తప్పలేదు. టేపు, వంకర నోరు, మైనం చెంప, అన్నీ తెర మీదికి వచ్చాయి.

“పక్షవాతమా?”

“కాదు సార్! గిది మా పిలగాడు...”

“మన్నించు భాయ్,” అంటూ ఆయన ఫోన్ కట్ చేయబోయాడు. చిన్నబాపు మిగిలిన ఒక్క కన్నుతో నా వైపు చూశాడు. ఎనిమిది నెలలూ ఆ ఒక్క కంట్లోనే ఉన్నాయి. ఫోన్ నా వైపు తిప్పుకున్నాను.

“సార్, ఆగండి. ఇది జబ్బు కాదు. నేను చేశాను.”

వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పాను. సూది ఎక్కడ ఆగాలి, ఎక్కడికి పోయింది, ఏ గ్రంథి, ఏ నరం, కన్నెందుకు మూసుకోదు, ఎప్పటికి మూసుకుంటుంది. ఒక్కటీ తప్పలేదు. నా జీవితంలో అంత మంచి వైవా మళ్లీ ఇవ్వలేదు.

“నువ్వు డాక్టర్‌వా?”

“ఇంకా పూర్తిగా కాలేదు సార్.”

“తెలుస్తోంది,” అన్నాడు. “ఇదంతా రాసి, మీ పెద్ద డాక్టర్ సంతకంతో పంపు. నాలుగింటికి మళ్లీ చూస్తా. రెండు కళ్లూ ఆడకపోతే ఇంకొకర్ని తీసుకుంటా.”

రాశాను. మేడం చదివి, “‘అనుకోకుండా’ అన్న మాట కొట్టెయ్. అన్నీ తెలిసే వేసినవ్,” అని సంతకం పెట్టింది.

ఇక వరండాలో కాపలా. పది నిమిషాలకోసారి టేపు తీయడం, “కన్ను కొట్టు చిన్నబాపూ” అనడం. ఎదుటి బల్ల మీద కూర్చున్న ఒక జగిత్యాల ముసలమ్మ కాసేపు చూసి, కొంగు సర్దుకుని, మూట తీసుకుని వేరే చోటికి వెళ్లిపోయింది. రెండున్నరకు కనుబొమ్మ కదిలింది. మూడుంబావుకు రెప్ప పూర్తిగా మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను చూసి నవ్వాడు, రెండు వైపులా.

నాలుగింటికి అధికారి కళ్లు మూయించి, తెరిపించి, ఒకే ప్రశ్న వేశాడు. “లోడు దించుతున్నావ్. కింద సైగ చేసేవాడు కనిపించలేదు. ఏం చేస్తావ్?”

“ఆపుత సార్. కనవడేదాక చెయ్యి కదిలియ్య,” అని చిన్నబాపు నా వైపు తిరిగి, రెండు కళ్లతోనూ తీరిగ్గా చూశాడు.

ఉద్యోగం వచ్చింది. పన్ను మరుసటి వారం మేడం పీకింది. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపలికి రావద్దని మేడం అనలేదు, చిన్నబాపు అన్నాడు.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మా ఇంటిపేరున్న ఏ దవడలోనూ ఈ జన్మలో సూది దించను. మాట నిలబెట్టుకోవడం నాకేమీ కష్టం కావడం లేదు. మొన్న మంచిర్యాల పెండ్లిలో నా ఎదురుగా కూర్చున్న మా పెద్దవ్వ లడ్డూ చేతిలో పట్టుకుని, నేను అటు తిరిగేదాకా నోరు తెరవలేదు.