అన్నకు టిప్ ఇస్తామా?

మొన్న అశోక్‌నగర్‌లో మా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో దోశలు ఆర్డర్ పెట్టబోతే, తెచ్చే మనిషికి టిప్ ఎంత ఇస్తారని మూడు గడులు కనిపించాయి. అతని మొహమైనా చూడకముందే ముప్పై రూపాయల గడి నొక్కేశాను. పక్కనే ఉన్న మా ఆవిడ "ఇన్నేండ్లకు బుద్ధొచ్చింది మీకు" అంది. ఆవిడ లెక్కలో నేను పుట్టు పిసినారిని.

నేను ఒప్పుకోను. నాకో సిద్ధాంతం ఉండేది. ఎంగిలి ప్లేటు పక్కన చిల్లర పడేసి పోవడం దొరల బుద్ధి అనేవాణ్ణి. నారాయణగూడలో మా ఆఫీసు పక్క సందులో ఒక టిఫిన్ హోటల్, అందులో నాకంటే పదేళ్లు పెద్దయిన ఒక సర్వర్ ఉండేవాడు. నేను అన్నా అంటే, ఆయన తమ్మీ అనేవాడు. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, దోశ ఎర్రగా కాల్చమని లోపలికి కేకేసేవాడు. అడక్కుండానే అల్లం చట్నీ రెండోసారి వచ్చేది. పక్క టేబుల్ వాళ్లు "ఏయ్, నీళ్లు!" అని అరిచి, తిని, ప్లేటు కింద పదో ఇరవయ్యో పెట్టి పోయేవాళ్లు. నేను మాత్రం ఆయన భుజం తట్టి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి వచ్చేసేవాణ్ణి. అన్నకు టిప్ ఇస్తే చిన్నబుచ్చుకోడూ? పదిహేనేళ్లు ఇదే మాట మా ఆవిడకు చెప్పి, నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

తర్వాత ఆ హోటల్ సెల్ఫ్ సర్వీస్ అయింది. సర్వర్లందరినీ తీసేశారు. కిందటేడు చిక్కడపల్లిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఆయన కనిపించాడు. తలకు టోపీ, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు, పప్పు వడ్డిస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. ముహూర్తాలు లేని నెలల్లో ఆ పనీ ఉండదట. కిరాయి కట్టలేక ఇల్లు కూడా ఖాళీ చేశాడట.

"జీతం తిండికి, టిప్పులు కిరాయికి. గట్ల నడిచింది తమ్మీ ఇన్నేండ్లు" అన్నాడు. నా మొహం చూసి చిన్నగా నవ్వాడు. "నువ్వు అన్నా అంటే మస్తు సంబురమయ్యేది. కానీ నా ఇంటి కిరాయి కట్టింది ఏయ్ అని పిలిచినోళ్లే."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయి, జేబులోంచి రెండు ఐదువందల నోట్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కాదనలేదు. నోట్లు జేబులో పెట్టుకుని, గరిటె ఎత్తి, "ఇంకొంచెం పప్పు వెయ్యమంటరా సార్?" అని అడిగాడు.

ఇవ్వాల్సిన ఏళ్లన్నీ నా ముందు నుంచే వెళ్లిపోయాయి, ఇప్పుడు ఎంత ఇచ్చినా ఆ ఏళ్లకు అందదు.