పెనుకొండ గ్రౌండులో పొట్టు పోసిన గుంతలు

నాకు హాకీ, మా తమ్ముడికి ఫుట్‌బాల్. నాది ఒక పార్టీ, వాడిది ఇంకొకటి. పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఈ రెండు విషయాల్లో మాకు రాజీ కుదరలేదు. వాడు ధర్మవరంలో నాయన మగ్గం మీదే కూర్చుని పట్టుచీరలు నేస్తూ ముసలివాడయ్యాడు. నేను హిందూపురంలో లెక్కల టీచరుగా చేరి, అక్కడే రిటైరై, అక్కడే ఉన్నాను.

హాకీ మీద నా అభిప్రాయం ఎవరికీ నచ్చదు. మట్టి మీద ఆడినన్నాళ్లు బంతి మనవాళ్ల కర్రకు అతుక్కుని తిరిగేది. ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్ వచ్చాక అది మణికట్టు ఆట కాకుండా పోయింది, ఊపిరితిత్తుల ఆట అయింది. ఒలింపిక్స్‌లో మనకు కంచు పతకం వచ్చిన రోజు అందరూ పండగ చేసుకుంటూ ఉంటే, ఆ గోల్స్‌లో పెనాల్టీ కార్నర్లవి ఎన్ని, ఆడి కొట్టినవి ఎన్ని అని నేను లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

"నీకు సంతోషపడేది రాదక్కా. గెలిచినా తీసివేతే చేస్తావు," అన్నాడు తమ్ముడు ఫోన్లో.

"మీ ఫుట్‌బాల్లో తీసేసేదానికైనా ఏమన్నా ఉండల్ల కదరా."

"ఉండాదిలే. ఇంతమంది జనం ఉండారు. అందులోనుంచి కాలు ఆడేవాళ్లు పదకొండు మందిని తియ్. అదీ రాదు ఈ దేశానికి."

ఇక రాజకీయం. అయిదేళ్లకోసారి ప్రభుత్వం మారుతుంది, సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారినట్టు. జిల్లా చీలినప్పుడు హిందూపురమే కేంద్రం కావాలని నేను, ధర్మవరమే కావాలని వాడు నెలరోజులు కొట్లాడుకున్నాం. రెంటికీ రాలేదు. ఆ రోజు వాడే ఫోన్ చేసి, "మనిద్దరికీ ల్యాకపాయెనే. పెనుకొండలో దిగు, టీ తాగుదాం," అన్నాడు. పెనుకొండ మా ఇద్దరికీ నడిమధ్య స్టేషను. నేను ఇటునుంచి, వాడు అటునుంచి రైలెక్కి అక్కడ దిగేవాళ్లం. తర్వాత అక్కడికి వెళ్లడానికి టీ కంటే మంచి కారణం దొరికింది. తమ్ముడి మనవరాలు పెనుకొండ హాస్టల్లో ఉంటూ ఇంటర్ చదవసాగింది. అక్కడి గ్రౌండులో హాకీ ఆడేది. సెంటర్ ఫార్వర్డ్.

ఆ పిల్ల ఆట చూస్తే నాకు తీసివేతలు గుర్తుకొచ్చేవి కావు. బంతి అందగానే తల ఎత్తేది. చాలామంది ఆడపిల్లలు బంతినే చూస్తారు, ఈమె ఖాళీని చూసేది. ఇంటర్ రెండో సంవత్సరంలో స్పోర్ట్స్ హాస్టల్ వాళ్లు ఒక మ్యాచ్ చూసి పిల్లలను ఎంపిక చేసుకుంటారని తెలిసింది. ఎంపికైతే చదువు, తిండి, టర్ఫ్ మీద శిక్షణ, అన్నీ వాళ్లవే. కాకపోతే ఏమిటన్నది నా మేనల్లుడు, అంటే ఆ పిల్ల నాన్న, ముందే చెప్పేశాడు.

"సెలెక్టయితే నేనే దింపేసి వస్తానత్తా. కాకపోతే మాత్రం మగ్గానికి రెండో మనిషి కావల్ల. నాయన చేతులు వణుకుతాండాయి, కూలోళ్లు దొరకరు. నన్ను తిట్టొద్దు."

నేను తిట్టలేదు. పెద్ద అంచు చీరకు పక్కన ఇంకొక మనిషి కూర్చోవాలన్న సంగతి ఆ ఇంట్లో పుట్టిన నాకు తెలియనిది కాదు.

మ్యాచ్ శనివారం. ఆ మంగళవారం అదే గ్రౌండులో మా పార్టీ బహిరంగసభ పెట్టారు. జనాన్ని ఆపే కర్రల కోసం ఈ చివర నుంచి ఆ చివరదాకా గుంతలు తవ్వారు. పెద్ద నాయకుడి కారు వేదిక దాకా ఎక్కడానికి గుంతల్లోంచి తీసిన మట్టినీ, గ్రౌండు అంచునున్న మట్టినీ అంతా తోడి దారి ఎత్తు చేశారు. బుధవారం పిల్ల ఫోన్ చేసి, "అవ్వా, గ్రౌండు జల్లెడ మాదిరి ఉండాది," అంది. పెనుకొండలో మా పార్టీ పనులు చూసే మనిషి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అతనికి ఫోన్ చేశాను.

"టీచరమ్మా, మీరు చెప్పినాక ఇంగేముంది? శుక్రవారానికి సాపు చేయిస్తా," అన్నాడు.

చేయించాడు కూడా. శనివారం పొద్దున నేను దిగేసరికి గ్రౌండు చదునుగా ఉంది, సున్నపు గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. తమ్ముడు వచ్చీ రాగానే గ్రౌండంతా కలియజూశాడు.

"ఏమక్కా, మీవాళ్లు నిజంగానే పని చేసినారే! ఎండ దెబ్బ తగిలినాదేమో," అన్నాడు.

"మీవాళ్లయితే గుంతలకు కూడా శంకుస్థాపన చేసి పోయుందురు," అన్నాను.

మొదటి సగంలో పిల్ల ఒక గోల్ కొట్టింది. ఎంపికకు వచ్చినవాళ్లలో ఒకాయన పక్కవాడిని ఆమె పేరు అడగడం చూశాను. సగం ఆట అయ్యాక వైపులు మారాయి. మంగళవారం జనం నిలబడిన వైపు ఇప్పుడు మా పిల్ల దాడి చేసే వైపయింది. బంతి తీసుకుని ఎడమ పక్కగా వచ్చింది, ఒకరిని దాటింది. కుడికాలు పిక్క దాకా నేలలోకి దిగిపోయింది. ఒళ్లు మాత్రం ముందుకు వెళ్లింది. బంతి తన దారిన గీత దాటిపోయింది.

కాలు బయటికి తీస్తే దానితోపాటు వేరుశనగ పొట్టు వచ్చింది. పైన జానెడు కూడా లేదు మట్టి. కింద అంతా పొట్టే. నా శిష్యుడు పురమాయిస్తే గుంతలు పూడ్చిన కూలిమనిషి అక్కడే మ్యాచ్ చూస్తున్నాడు. పరుగెత్తుకొచ్చి ఆమె కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"మన్ను యాడుందమ్మా? అంతా కారు దారికి ఎత్తినారు. మిల్లుకాడ బుడ్డల పొట్టు ఊరికే పడుండాది కదా అని రెండు ట్రాక్టర్లు తోలినాం. గట్టిగా తొక్కినాం కూడా," అని ఏడ్చాడు.

అతన్ని ఏమనాలి? మా వైపు పొట్టు గొడ్ల కిందికి వెళ్తుంది, ఇటుక బట్టీకి వెళ్తుంది. ఎవరి పెరట్లో గుంత పడినా ముందు పొట్టే పోస్తారు. అయితే పెరట్లో ఎవరూ పరుగెత్తరు.

ఆ మ్యాచ్ మా పిల్ల జట్టే గెలిచింది. ఎంపికైంది మాత్రం మా పిల్ల కాదు, వెనకాల ఫుల్‌బ్యాక్ ఆడిన ఆమె స్నేహితురాలు. ఆ అమ్మాయీ బాగా ఆడుతుంది, కాదనను. విరిగిన మడమ ఎముక అతికింది. నడవడానికి ఇబ్బంది లేదు, ఆటకు పనికిరాదు అన్నాడు డాక్టరు.

తమ్ముడు నన్ను దెప్పుతాడని ఎదురుచూశాను. దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది. తర్వాత కొన్నాళ్లకు వాడి పార్టీ సభ కూడా అదే గ్రౌండులో జరిగింది. మనుషులను తీసుకురమ్మని కబురొస్తే వాడు కండువా వేసుకుని వెళ్లొచ్చాడు. ఎట్లా జరిగిందని అడిగాను.

"బాగానే జరిగినాది. మీవాళ్లు తవ్విన తావుల్లోనే మావాళ్లూ తవ్వినారక్కా. పొట్టు కదా, గడ్డపార సులభంగా దిగినాదంట."

ఆ తర్వాత మేము రాజకీయం మాట్లాడుకోలేదు. హాకీ కూడా మాట్లాడుకోలేదు.

మొన్న ధర్మవరం వెళ్తే పిల్ల మగ్గం మీద వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఉంది. చెయ్యి చాలా వేగం. నేర్పినదాని కంటే ముందే అందుకుంటుందని తమ్ముడు అన్నాడు, పొగుడుతున్నట్టు కాకుండా. అప్పుడే స్పోర్ట్స్ హాస్టల్ నుంచి ఆ స్నేహితురాలు వీడియో కాల్ చేసింది. మా పిల్ల మాకందరికీ కనిపించేలా ఫోన్ తిప్పింది. నీలం రంగు టర్ఫ్, నీళ్లు చల్లుతున్న గొట్టాలు.

"చూడే, అద్దం మాదిరి ఉండాది! నువ్వుంటే యెట్లుండేదో," అంది ఆ అమ్మాయి.

"నువ్వు లెఫ్ట్‌కు ఎక్కువ పోతాండావంట కదా. మధ్యలో ఖాళీ వదలొద్దు," అంది మా పిల్ల. ఆ నీలాన్ని ఇంకొంచెంసేపు చూసింది. "సరే, పెట్టేస్తానే. పోగు తెగినాది, మా నాయన అరుస్తాండాడు."

వాళ్ల నాన్న అరవలేదు. పోగు కూడా తెగలేదు.