మామ కంప్యూటరుకు పునర్యౌవనం

ఒక్క పెన్‌డ్రైవుతో ఊరివాళ్ల పెళ్లికి అడ్డం పడ్డ మహానుభావుణ్ని ఎప్పుడైనా చూశారా? నన్ను చూడండి. మరీ దగ్గరికి రాకండి. మీ ఇంట్లో పాత కంప్యూటరుంటే ముందు దాని మీద దుప్పటి కప్పండి.

మా మేనమామ యాదగిరికి నాంపల్లిలో పెళ్లికార్డుల షాపు. అందులో నా మీసాల కంటే వయసులో పెద్దదైన కంప్యూటరొకటి ఉండేది. తెలుగు అక్షరాలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు ఒక్కటే దానికి తెలిసిన విద్య. ఆ ఒక్క విద్యతోనే వందల పెళ్లిళ్లు చేసింది. నాకేమో దాన్ని చూస్తే జాలి! ఆరు నెలల కోర్సు సర్టిఫికెట్ చేతికొచ్చినవాడికి లోకమంతా పాతగానే కనిపిస్తుంది మరి.

ఆ ఆదివారం మామ, కార్డులు అచ్చువేసే మనిషిని పిలుచుకు రావడానికి సుల్తాన్ బజార్ వెళ్తూ చెప్పాడు.

"అల్లుడూ, నర్సింలు పటేల్ బిడ్డ పెండ్లికార్డు తయారున్నది. నేనొచ్చి ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీస్త, దాన్ని పట్టే కార్డులు అచ్చయితయి. నువ్వు దేన్నీ ముట్టకు. జర కూసో, గంతే."

కూర్చోవడమే నాకు రాని విద్య. పిచ్చోడి చేతిలో పెన్‌డ్రైవు! కార్డు ఫైలు దాంట్లో దాచి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోయాను. "ఈ కంప్యూటరు నాకు సరిపోదు" అని అది మర్యాదగానే చెప్పింది. విన్నానా? ఫోనులో వీడియో చూసి, ఉన్నదంతా చెరిపేసి, దొడ్డిదారిన ఎక్కించాను. ముసలి తాతకు బిగుతు జీన్సు తొడిగి పరుగుపందెంలో నిలబెట్టినట్టు కంప్యూటరు మూలిగింది, వణికింది, చివరికి తెర మీద నీలాకాశం చూపించింది. తెలుగు సాఫ్ట్‌వేరును మళ్లీ ఎక్కించబోతే, అది మాత్రం ఆ ఆకాశంలో ఎగరనంది. ఫైలు తెరిస్తే వరుడి పేరుండాల్సిన చోట డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు.

సరిగ్గా అప్పుడే అచ్చువేసే మనిషితో మామా, వాళ్ల వెనకే పెళ్లికూతురి తండ్రీ వచ్చారు.

"ఏందిరా ఇది?"

"అప్‌డేట్, మామా."

"గట్లనా! పెండ్లికొడుకు ఏడ వోయిండు?"

"లోపల్నే ఉన్నడు మామా... కనవడుతలేడు."

నర్సింలు గారు తెర దగ్గరికి వంగి చూశారు. "రేపు పొద్దుగాల మొదటి కార్డు గుట్ట మీద దేవుని ముందట పెట్టాలె. ఇయ్యాల సాయంత్రం బస్సుకే నేను పోవాలె. దేవునికేం సూపియ్యాలె, గీ డాలర్లా?"

మామ ఆయన్ని బుజ్జగించి చాయ్‌కి పంపాడు. నన్ను మాత్రం ఒక్క చూపు చూశాడు. చుట్టుపక్కల షాపులన్నీ బంద్. పాత సిస్టమ్ సీడీ కోసం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి పరుగెత్తాను. వెనకట్టకు సీడీ కవరున్న కంప్యూటరు పుస్తకం దొరికింది! ఎగురుకుంటూ తెచ్చి కవరు విప్పితే, లోపల ఎవరిదో చిరిగిన బస్సు టికెట్టు.

తలెత్తితే మామ, అంతకుముందే తీసి ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దిన ప్రూఫు కాగితం ముందు పెట్టుకుని, ట్రేసింగ్ పేపర్ మీద నల్ల సిరాతో కార్డంతా చేత్తో రాసేస్తున్నాడు. ఈ కంప్యూటరు రాకముందు ఆయన దుకాణాల బోర్డులు రాసేవాడని అప్పుడు గుర్తొచ్చింది. అక్షరాలు జొన్నకంకి గింజల్లా ఒత్తుగా, వరుసగా పడుతున్నాయి.

సాయంత్రానికి అచ్చయిన కార్డును నర్సింలు గారు కళ్లకద్దుకున్నారు. "యాదగిరన్నా, అక్షరాలు మస్తున్నయే! గా అప్‌డేట్ మహిమనేనా? ఏ మోడల్ గిది?"

"పాతదే పటేలా, అరవయ్యేండ్ల మోడల్" అన్నాడు మామ, సిరా వేళ్లు తుడుచుకుంటూ. "దాని మీద మా అల్లుని చెయ్యి ఇంకా పడలే."

అందుచేత నాంపల్లి స్టేషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బాగున్నదాన్ని బాగుచేయను. ఇప్పుడు మామ షాపులో నేను ముట్టుకోదగ్గది నేను కూర్చునే స్టూలొక్కటే. దాని కాలొకటి కొంచెం ఊగుతోంది. ఊగనీ.