నా గోలీ బావకు ఇచ్చిన రోజు

మరమగ్గం మీద తెగిన దారాన్ని ముడి వేయబోతే ఆ పొద్దున నా వేళ్లు వణికాయి. ఎంత ప్రయత్నించినా ముడి పడలేదు. కల్లు దుకాణం మూసి ఉండడంతో రెండు రోజులుగా కల్లు తాగలేదు. వణుకు అందువల్లేనని నాకు తట్టలేదు.

నిద్ర కూడా కరువైందని డాక్టర్ దగ్గరికి వెళ్లాను. అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. రోజూ తాగే కల్లును మేమెవరమూ అలవాటు అనుకోం. అందులో మత్తు పౌడర్ కలుపుతారని విన్నా పట్టించుకోలేదు. ఆయన నిద్రకు గోలీలు రాశారు.

వారం తరువాత దుకాణం తెరిచారు. రాత్రి షిఫ్ట్ దిగి పొద్దున్నే నేనూ మా అక్క భర్త రాజేశం బావా కల్లు తాగి మా ఇంటికి వచ్చాం. నడుము నొప్పితో బావకు నిద్ర పట్టడం లేదు.

"నీ గోలీ ఒకటియ్యి బామ్మర్ది, జర పండుకుంట."

ఇచ్చాను. నేనూ వేసుకున్నాను.

మధ్యాహ్నం నా భార్య లక్ష్మి అన్నానికి లేపితే ఇద్దరం కదల్లేదట. బావ పెదవులు నల్లబడ్డాయట.

నాకు తెలివి వచ్చింది కరీంనగర్‌లో, ఐసీయూలో. గొంతులో పైపు. బావ ఎక్కడని చేత్తో అడిగాను. లక్ష్మి ముఖం తిప్పుకుంది.

పైపు తీశాక డాక్టరమ్మ చెప్పారు: "కల్లులో ఆల్ప్రాజొలం అనే మత్తు మందు కలుపుతరు. మీ గోలీ గూడ గసొంటిదే. రెండు కలిస్తే శ్వాస ఆగిపోతది. ఆయనను తెచ్చేసరికే పల్స్ లేదు."

రెండు రోజులకు నాకు ఫిట్స్ వచ్చాయి. బావ నా మంచం అంచున కూర్చున్నట్టు కనిపించేవాడు. విత్‌డ్రాయల్ అన్నారు, అలవాటైన మత్తు అందకపోతే ఒళ్లు ఇలా చేస్తుందట. ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని, అదే రకం మందు ఇస్తూ నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. కన్ను మూస్తే ఊపిరి ఆగుతుందని భయం. లక్ష్మి నా ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చునేది.

ఇంటికొచ్చాక అక్క దగ్గరికి వెళ్లాను. గోలీ నేనే ఇచ్చానని చెప్పాను. ఆమె అంది:

"తెల్వకిచ్చినవని నాకెర్కే. గని గా మాట మళ్ల నాతోటి అనకు."

ఏడాది దాటింది. మందులు ఆగాయి, కల్లు ముట్టలేదు. పగటి షిఫ్ట్‌కు వెళ్తున్నాను. నిద్రలో ఉలిక్కిపడి, ఊపిరి ఆడుతోందా అని ఇప్పటికీ చూసుకుంటాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. కల్లు తాగేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పకుండా నిద్ర గోలీ వేసుకోకండి, ఎంత సొంతవాళ్లు అడిగినా ఇవ్వకండి.